పెరోల్‌కి సరైన చట్టం కావాలని అర్జీ పెడితే అందులో ఏం రాయాలి?

ఏటిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కోనసీమ. మా అన్నయ్య జీవిత ఖైదీ. చేను గట్టు తగాదాలో ఒక మనిషి ప్రాణం పోయింది. కేసు నిలబడింది, హైకోర్టులో అప్పీలు కూడా పోయింది. శిక్ష తప్పని నేను అనడం లేదు. నా ప్రశ్న శిక్ష గురించి కాదు.

నిరుడు మా నాన్నకి పక్షవాతం వచ్చింది. అన్నయ్య పెరోల్‌కి దరఖాస్తు పెట్టుకున్నాడు. డాక్టరు సర్టిఫికెట్లు, ఇద్దరు జామీనుదారుల కాగితాలు, సర్పంచ్ గారి లెటరు అన్నీ జత చేశాం. తర్వాత ఆ ఫైలు ఎక్కడుందో చెప్పినవాళ్లు లేరు. స్టేషన్‌కి వెళ్తే జైలు నుంచి ఏమీ రాలేదన్నారు. జైలుకి ఫోన్ చేస్తే పోలీసు రిపోర్టు రావాలన్నారు. ఈలోపు నాన్న పోయారు. అన్నయ్యని ఎస్కార్ట్ మీద తీసుకొచ్చి, దహనం అవగానే తీసుకెళ్లిపోయారు. చాలా రోజుల తర్వాత పెరోల్ తిరస్కరించినట్టు కాగితం వచ్చింది. 'శాంతిభద్రతల దృష్ట్యా' అని తప్ప అందులో ఇంకే కారణమూ లేదు. మా ఊళ్లో అవతలి కుటుంబం వాళ్లని ఎవరైనా వచ్చి అడిగారా అంటే, అదీ లేదు.

అప్పటి నుంచి దీని గురించి దొరికినదల్లా చదువుతున్నాను. 2023లో కేంద్రం ఒక నమూనా జైళ్ల చట్టం తయారుచేసి రాష్ట్రాలకి పంపిందని, అందులో పెరోల్ కూడా ఉందని తెలిసింది. మా ఎమ్మెల్యే గారిని కలిస్తే, వివరంగా రాసిస్తే అసెంబ్లీలో అడుగుతానన్నారు. మా అన్నయ్య ఒక్కడి కోసం రాయాలని లేదు. చట్టం ఎలా ఉండాలో రాయాలని ఉంది. జైళ్ల శాఖలో పనిచేసినవాళ్లు, వకీళ్లు దయచేసి చెప్పండి: అర్జీలో ఏం అడగాలి?

రిటైర్డ్_వెల్ఫేర్

తమ్ముడూ, మీ నాన్నగారి విషయం చదివి బాధ కలిగింది. నేను జైళ్ల శాఖలో సంక్షేమ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి ఫైళ్లు నా టేబుల్ మీద చాలా కాలం తిరిగాయి. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు అసలు లోపం ఎక్కడుందో చూడు. మన జైళ్లని ఇప్పటిదాకా నడిపించింది 1894 నాటి జైళ్ల చట్టం. బ్రిటిష్ వాళ్లు రాసిన ఆ చట్టంలో పెరోల్ ఊసే లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెరోల్ కోసం 1981లో నియమాలు చేశారు. వాటికి ఆధారం జైళ్ల చట్టం కాదు, శిక్షను తాత్కాలికంగా నిలిపివేయడానికి ప్రభుత్వానికి ఉన్న అధికారం. అది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 432వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 473. అంటే పెరోల్ అన్నది ప్రభుత్వం దయతలచి ఇచ్చేదిగా మొదలైంది. ఖైదీకి అడిగే దారి ఉంది కానీ, ఇన్ని రోజుల్లో జవాబు చెప్పి తీరాలన్న బాధ్యత అధికారికి గట్టిగా లేదు. మీ ఇంట్లో జరిగినదానికి మూలం ఇదే.

ఫైలు ఎలా నడుస్తుందో చెప్తాను, అర్జీ రాయడానికి పనికొస్తుంది. ఖైదీ గానీ, బంధువులు గానీ దరఖాస్తు పెడతారు. జైల్లో నామినల్ రోల్ తయారవుతుంది. శిక్ష ఎంత, ఎంత అనుభవించాడు, ప్రవర్తన ఎలా ఉంది, జైల్లో ఏమైనా తప్పులు చేశాడా, ఇదివరకు బయటికి వెళ్లి టైముకి తిరిగొచ్చాడా, ఇవన్నీ అందులో ఉంటాయి. అది మా చేతిలో పని, త్వరగానే అయిపోతుంది. తర్వాత ఎస్పీ ఆఫీసుకి రాస్తారు. అక్కడి నుంచి స్టేషన్‌కి వెళ్తుంది. ఎస్సై ఎవరినో ఊరికి పంపి విచారించి రాయాలి. అక్కడే ఆగిపోతుంది. బందోబస్తులు, పండగలు, నేతల పర్యటనలు. పెరోల్ ఎంక్వైరీ ఏ స్టేషన్‌లోనైనా ఆఖరి పని. పైగా ఆ ఎస్సై వైపు నుంచి కూడా చూడాలి. 'అభ్యంతరం లేదు' అని రాశాక ఆ ఖైదీ ఊళ్లో ఏదైనా చేస్తే సంతకం పెట్టినవాడే జవాబుదారీ. 'శాంతిభద్రతల సమస్య రావచ్చు' అని రాస్తే అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. కాబట్టి చాలామంది రెండోదే రాస్తారు. అది చెడ్డతనం కాదు. వద్దని రాస్తే నష్టపోయేది ఖైదీ ఒక్కడే అయినప్పుడు ఏ ఆఫీసులోనైనా ఇలాగే జరుగుతుంది.

ఇది మారుతుందని నాకు 2020లో కళ్లారా తెలిసింది. అప్పుడు నేను ఇంకా సర్వీసులోనే ఉన్నాను. కరోనా మొదలవగానే మార్చి 23న సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో ఉన్నతస్థాయి కమిటీ వెయ్యమంది. ఎవరిని పెరోల్ మీదా, మధ్యంతర బెయిల్ మీదా పంపవచ్చో తేల్చమంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల వాళ్లని ఉదాహరణగా చెప్పింది. నెలల తరబడి కదలని కాగితాలు వారాల్లో కదిలాయి. ఆ ఆఫీసులే, ఆ మనుషులే. అదనంగా ఉన్నదల్లా తేదీ, అడిగేవాళ్లు.

అందుకని నీ అర్జీలో మొదటి పేరా ఇది కావాలి. దరఖాస్తు అందిన రోజు రసీదు ఇవ్వాలి. పోలీసు రిపోర్టుకి గడువు చట్టంలోనే రాయాలి. గడువు దాటితే రిపోర్టు లేకుండానే నిర్ణయం జరగాలి. ప్రాణం మీదికి వచ్చిన జబ్బు, చావు లాంటి వాటికి వేరే గడువు, గంటల్లో లెక్కపెట్టేది ఉండాలి. తిరస్కరిస్తే ఈ కేసులో, ఈ మనిషి విషయంలో కారణం ఏమిటో రాసివ్వాలి. 'శాంతిభద్రతలు' అని ఊరుకోకూడదు. ఏ సంఘటన, ఎవరి నుంచి భయం, ఎవరు చెప్పారు, అవి ఉండాలి. దాని మీద అప్పీలు జిల్లా స్థాయిలోనే ఉండాలి. ఇప్పుడు కారణం అడగాలంటే హైకోర్టు దాకా వెళ్లాలి, వకీలుని పెట్టుకోగలిగిన కుటుంబాలు ఎన్ని ఉంటాయి?

ఇక పెరోల్, ఫర్లో తేడా. చాలామంది ఒకటే అనుకుంటారు, పేపర్లలో కూడా కలిపేస్తారు. పెరోల్ ఒక అవసరం మీద ఇచ్చేది: జబ్బు, చావు, పెళ్లి, ఇల్లు కూలడం లాంటివి. ఆ రోజుల్లో శిక్ష ఆగినట్టు లెక్క. నెల రోజులు ఇంట్లో ఉంటే విడుదల నెల ఆలస్యమవుతుంది. ఫర్లో సత్ప్రవర్తన మీద అప్పుడప్పుడూ ఇచ్చే సెలవు. దానికి కారణం చూపించక్కర్లేదు, ఆ రోజులు శిక్షలోనే కలుస్తాయి. గోవాకి సంబంధించిన ఒక కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు, జీవిత ఖైదీలు ముందస్తు విడుదలకు చూపించాల్సిన 14 ఏళ్ల అసలు శిక్షలో పెరోల్ రోజులు కలపకూడదని చెప్పింది. కోర్టు చెప్పిన కారణం నాకు అర్థమైంది. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లు పదే పదే పెరోల్ తెచ్చుకుంటే శిక్షకి అర్థం ఉండదు. కానీ తల్లి చావుకి వెళ్లొచ్చిన కూలీవాడికి కూడా అదే లెక్క పడుతోంది. చావుకీ, ప్రాణాంతకమైన జబ్బుకీ వెళ్లిన కొద్ది రోజులైనా శిక్షలో కలపాలని నువ్వు అడగవచ్చు. నేనైతే అడుగుతాను.

సెలవు ఎందుకివ్వాలి అని అడిగేవాళ్లుంటారు. 2017లో అస్ఫాక్ వర్సెస్ రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు దీనికి వివరంగా జవాబిచ్చింది. సత్ప్రవర్తన ఉన్న ఖైదీ కొంతకాలమైనా బయటి గాలి పీల్చుకోవాలని, కుటుంబంతో బంధం తెగకూడదని చెప్పింది. ఈ విషయంలో 1955లో కేంద్రం చేసిన నియమాలు ఎముకల గూడులా ఉన్నాయని, వాటిని వెంటనే సవరించాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. నేను చూసినంతలో పెరోల్‌కి వెళ్లొచ్చిన ఖైదీ బ్యారక్‌లో గొడవలకి దూరంగా ఉంటాడు. మళ్లీ వెళ్లాలనే ఆశ ఉంటుంది కదా. పదేళ్లలో ఒక్కసారీ ఇంటి ముఖం చూడకుండా విడుదలైనవాళ్లని కూడా చూశాను. గేటు బయట నిలబడి ఏ బస్సెక్కాలో తెలియని వాళ్లకి మేమే టికెట్ తీసిచ్చి పంపేవాళ్లం.

ఒక జాగ్రత్త. అర్జీలో పది కోర్కెలు రాయకు. గడువు, రాతపూర్వక కారణం, అప్పీలు. ఈ మూడూ చట్టంలోకి వస్తే మిగతావి వాటి వెనక వస్తాయి.

నాగావళి

ఈ చర్చలో రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నేను అవతలి వైపు మనిషిని. మా నాన్నని చంపినవాళ్లలో ఒకడు జీవిత ఖైదు అనుభవిస్తున్నాడు. మాది శ్రీకాకుళం జిల్లా.

ఒకరోజు మా అమ్మ సంతకి వెళ్తే అక్కడ అతను కూరగాయలు బేరమాడుతూ కనిపించాడట. అమ్మ సంచీ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది. విడుదలైపోయాడేమోనని మాకు ఒకటే టెన్షన్. స్టేషన్‌కి వెళ్తే 'పెరోల్ అమ్మా, నెల రోజులు' అన్నారు. మాకు ఎందుకు చెప్పలేదంటే, చెప్పాలని ఎక్కడా లేదన్నారు. ఆ నెలంతా అమ్మ గుమ్మం దాటలేదు. తమ్ముడు కాలేజీ నుంచి వచ్చేదాకా నేను వీధిలోనే నిలబడేదాన్ని. అతను ఏమీ చెయ్యలేదు. నిజమే చెప్పాలి, మా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. కానీ చెయ్యడని మాకెలా తెలుస్తుంది?

సార్, మీరు చెప్పిన గడువులు, కారణాలు అన్నీ ఖైదీ వైపు నుంచే ఉన్నాయి. రిపోర్టు రాకపోతే రిపోర్టు లేకుండానే నిర్ణయం చెయ్యమన్నారు. మా మాట వినడానికి ఉన్నది ఆ రిపోర్టు ఒక్కటే. అదీ తీసేస్తే మేము ఎవరికి చెప్పుకోవాలి? ఏటిగట్టు గారూ, మీ ఊళ్లో అవతలి కుటుంబాన్ని ఎవరూ అడగలేదని మీరే రాశారు. అడిగి ఉంటే వాళ్లు ఒప్పుకునేవారేమో కూడా.

ఇంకొకటి. చట్టం ఉంటే అంతా సర్దుకుంటుందని నాకు నమ్మకం లేదు. హర్యానాలో చట్టం ఉంది కదా. 2017లో అత్యాచారం కేసులో 20 ఏళ్ల శిక్ష పడిన డేరా సచ్చా సౌదా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ సింగ్ 2022 ఫిబ్రవరిలో పంజాబ్ ఎన్నికల ముందు ఫర్లో మీద బయటికి వచ్చాడు. 2024 అక్టోబర్‌లో హర్యానా ఎన్నికల ముందు పెరోల్ మీద వచ్చాడు. మధ్యలో ఇంకా ఎన్నోసార్లు. ఆ అమ్మాయిలకి ప్రతిసారీ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పెరోల్ వద్దని నేను అనను. మాకు ముందు చెప్పండి, మా ఊరికి రాకుండా చూడండి. అది కూడా అర్జీలో రాస్తారా?

రిటైర్డ్_వెల్ఫేర్

అమ్మా, రాసినందుకు సంతోషం. నీ మాట లేకుండా ఆ అర్జీ వెళ్లకూడదు.

గడువు దాటితే రిపోర్టు లేకుండా నిర్ణయం అని నేను రాసింది పోలీసుల ఆలస్యం గురించి. బాధిత కుటుంబాన్ని అడగడం పోలీసుల చేతిలోంచి తీసి ప్రొబేషన్ ఆఫీసర్‌కి (జైలు బయట ఉన్న నేరస్థుల బాగోగులు చూసే అధికారికి) గానీ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి గానీ అప్పగించాలి. వాళ్లు ఇంటికి వచ్చి నీ మాట రాసుకోవాలి. అది లేకుండా ఆర్డర్ ఇవ్వకూడదు. వెళ్లే తేదీ, తిరిగి వచ్చే తేదీ, ఎక్కడ ఉంటాడు అన్నవి మీకు ముందే చేరాలి. అదే ఊరైతే వేరే బంధువుల ఊళ్లో ఉండాలన్న షరతు పెట్టవచ్చు. నా సర్వీసులో కొందరు ఖైదీలు తమంతట తామే అక్క గారి ఊరో, అత్తగారి ఊరో రాసేవాళ్లు. గొడవ వద్దని వాళ్లకీ ఉంటుంది.

కానీ బాధిత కుటుంబం వద్దంటే పెరోల్ ఆగిపోవాలా అన్నదానికి నా జవాబు, ఆగకూడదని. నీకు నచ్చకపోవచ్చు. నీ భయం విని, దానికి తగిన షరతు పెట్టడం అధికారి పని. అవునో కాదో చెప్పే బరువు నీ నెత్తిన పెట్టడం అన్యాయం. అలా పెడితే ఊళ్లో అందరూ మీ గుమ్మానికి వచ్చి 'ఒప్పుకోండి' అని ఒత్తిడి చేస్తారు. చూశాను అది.

హర్యానా సంగతి. అక్కడి 2022 చట్టంలో అర్హత ఉన్న ఖైదీకి ఏడాదికి పది వారాల పెరోల్, రెండు విడతల్లో తీసుకోవచ్చు. మూడు వారాల ఫర్లో వేరు. రోజుల లెక్క చూస్తే అక్కడ ఉదారమైన చట్టమే ఉంది. అడగాల్సిన ప్రశ్న, అదే జైల్లో ఉన్న పేరు లేని ఖైదీకి కూడా అంతే సులువుగా అన్ని రోజులూ దొరుకుతున్నాయా అని. అది తెలియాలంటే ఎవరెవరికి ఎన్ని రోజులు ఇచ్చారు, ఎన్ని తిరస్కరించారు అన్న లెక్క ఏటా అసెంబ్లీ ముందు పెట్టాలి. నా మూడు కోర్కెలకి ఇది నాలుగోది. నువ్వు గుర్తుచేశావు. నిర్ణయం కూడా ఒక్క అధికారి చేతిలో, మంత్రి ఆఫీసు చుట్టుపక్కల ఉండకూడదు. రాజస్థాన్‌లో 1958 నుంచే పెరోల్ నియమాల్లో జిల్లా కమిటీ అనే ఏర్పాటుంది. మొదటి పెరోల్ 20 రోజులు, సరిగ్గా తిరిగొస్తే తర్వాతది 30, ఆ తర్వాతది 40. మెట్టు మెట్టుగా నమ్మకం పెంచే ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. మొదటి మెట్టు మీదే మనిషి ఎలాంటివాడో చాలావరకు తెలిసిపోతుంది.

వకీలు_హైదరాబాద్

రెండు మూడు చట్టపరమైన విషయాలు చెప్పి ఊరుకుంటాను.

జైళ్లు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి, నాలుగో అంశం. అందుకే కేంద్రం 2023లో చేసింది నమూనా మాత్రమే. రాష్ట్రం తన అసెంబ్లీలో ఆమోదిస్తేనే అది చట్టమవుతుంది. అర్జీ ఎమ్మెల్యేకి ఇవ్వడం సరైన దారే. ఎంపీ చుట్టూ తిరగొద్దు.

ఆ నమూనాలో పెరోల్, ఫర్లో, ముందస్తు విడుదల చట్టంలోనే ఉన్నాయి, అది పెద్ద ముందడుగు. దానితో పాటు ఒక షరతు కూడా ఉంది. కదలికలు తెలిపే ఎలక్ట్రానిక్ పరికరం పెట్టుకోవడానికి ఒప్పుకుంటే జైలు సెలవు ఇవ్వవచ్చని, ఉల్లంఘిస్తే సెలవు రద్దు చేస్తారని. నాగావళి గారి లాంటి వాళ్లకి ఇది ధైర్యం ఇవ్వవచ్చు. అయినా నేను జాగ్రత్తగా ఉండమంటాను. 2024 జూలైలో ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు, బెయిల్ మీద ఉన్నవాడి ప్రతి కదలికనూ పోలీసులు గమనించేలా షరతు పెట్టడం వ్యక్తిగత గోప్యతకి భంగమని చెప్పింది. అది బెయిల్ విషయం, శిక్ష పడినవాడి స్థితి వేరు, నిజమే. కానీ చిత్తూరులోనో ఆదిలాబాద్‌లోనో సిగ్నల్ లేని తండాకి వెళ్లిన ఖైదీ పరికరం పలకకపోతే పారిపోయినట్టు రాస్తారా? దాని ఖర్చు ఎవరిది? కాలికి కట్టుకున్న ఆ పట్టీతో కూతురి పెళ్లిలో నిలబడతాడా? పరికరం అందరికీ కాకుండా, బాధితులకి నిజంగా ముప్పు ఉందని తేలిన చోటే పెట్టాలని అడగండి.

ముందస్తు విడుదల విషయంలో 2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. రాష్ట్రంలో విధానం ఉంటే, అర్హత వచ్చిన ఖైదీ దరఖాస్తు పెట్టకపోయినా ప్రభుత్వమే పరిశీలించాలని. ఫర్లోకి కూడా ఇదే పద్ధతి చట్టంలో పెట్టమనండి. చదువు రాని ఖైదీకి తనకి అర్హత వచ్చిన సంగతే తెలియదు.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత వకీలు దొరుకుతారు. కారణం లేని తిరస్కరణ మీద హైకోర్టులో 226వ అధికరణ కింద రిట్ వెయ్యవచ్చు. ఇలాంటి ఆర్డర్లని కోర్టులు వెనక్కి పంపి, మళ్లీ పరిశీలించమన్న సందర్భాలు చాలా ఉన్నాయి.

బర్మింగ్‌హామ్_తెలుగు

నేను ఇంగ్లండ్‌లో ప్రొబేషన్ సర్వీసులో పనిచేస్తున్నాను, మాది గుంటూరు. ఇక్కడ పెరోల్ అంటే వేరు. మన పెరోల్ లాంటి తాత్కాలిక సెలవుని జైలు గవర్నరే చూసుకుంటారు. పెరోల్ బోర్డు నిర్ణయించేది జీవిత ఖైదు లాంటి శిక్షలున్న వాళ్లని షరతుల మీద విడుదల చెయ్యవచ్చా అన్నది. 1967 చట్టంతో ఈ బోర్డు వచ్చింది. అడిగే ప్రశ్న ఒక్కటే: ప్రజల రక్షణ కోసం ఇతన్ని ఇంకా లోపల ఉంచడం అవసరమా? ప్రభుత్వం తన వాదన చెప్పుకోవచ్చు గానీ, నిర్ణయం బోర్డుదే.

నాగావళి గారు రాసింది చదివాక 2018లో ఇక్కడ జరిగింది గుర్తొచ్చింది. జాన్ వోర్బాయ్స్ అనే ట్యాక్సీ డ్రైవర్ ఎంతోమంది ఆడవాళ్ల మీద లైంగిక దాడులు చేసి శిక్ష అనుభవిస్తున్నాడు. అతన్ని విడుదల చెయ్యమని బోర్డు నిర్ణయించిన సంగతి బాధితుల్లో కొందరికి వార్తల్లోనే తెలిసింది. బోర్డు కారణాలు చెప్పలేదు, చెప్పకూడదని నియమం. ఇద్దరు బాధితులు కోర్టుకి వెళ్లారు. మార్చిలో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది, కారణాలు దాచే నియమమూ చెల్లదంది. అప్పటి నుంచి బాధితులు అడిగితే నిర్ణయం సారాంశం ఇస్తున్నారు. 2019 నుంచి నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని అడిగే దారి పెట్టారు. కారణం చెప్పకపోతే ఖైదీకే కాదు, బాధితులకీ నష్టమే. రెండు వైపుల వాళ్లూ ఒకే కోరిక కోరవచ్చు, అర్జీలో అలా రాయండి.

ఇక్కడి నుంచి నేర్చుకోకూడనిదీ ఒకటుంది. 2005లో అమల్లోకి తెచ్చిన ఒక రకం శిక్షలో కనీస కాలం అయ్యాక, ఇక ప్రమాదం లేదని ఖైదీ బోర్డుని ఒప్పించేదాకా లోపలే ఉండాలి. చిన్న నేరాలకి రెండు మూడేళ్ల కనీస కాలం పడినవాళ్లు పదిహేనేళ్లు దాటినా లోపలే ఉన్నారు. ప్రమాదం తగ్గిందని చూపించే కోర్సులకి జైల్లో చోటు దొరికేది కాదు. 2012లో ఆ శిక్షని రద్దు చేశారు గానీ, అప్పటికే పడినవాళ్లకి రద్దు కాలేదు. వాళ్లలో కొందరితో నేను పనిచేశాను. చివరి తేదీ తెలియని మనిషి ఎలా అయిపోతాడో చూశాక, 'అధికారి సంతృప్తి చెందితే' అన్న మాట ఏ చట్టంలో కనిపించినా నాకు భయం వేస్తుంది. సంతృప్తి చెందడానికి ఏం చూడాలో కూడా చట్టమే చెప్పాలి.

ఏటిగట్టు

అందరికీ పేరు పేరునా నమస్కారాలు. నాగావళి గారూ, మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను. అవతలి ఇంటివాళ్లకి మేము ఒక్కసారైనా వెళ్లి చెప్పి ఉండాల్సిందని అమ్మ అంది. మీ మాటలు అర్జీలో రెండో పేరాగా పెట్టాను, ఖైదీ కోర్కెల వెనక కాకుండా వాటి మధ్యలోనే.

ఇప్పటికి రాసింది ఇది. దరఖాస్తుకి రసీదు, దాన్ని ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే నంబరు. బాధిత కుటుంబాన్ని ప్రొబేషన్ ఆఫీసర్ కలిసి మాట్లాడడం, తేదీలు వాళ్లకి ముందే తెలపడం, ఊరి షరతు. నిర్ణయానికి గడువు. చావు, ప్రాణాపాయం ఉన్నప్పుడు 48 గంటల్లో జవాబు. జిల్లా జడ్జి గారు గానీ, ఆయన పంపిన జడ్జి గానీ ఉన్న కమిటీ. రెండు వైపులకీ రాతపూర్వక కారణాలు, జిల్లాలోనే అప్పీలు. అర్హత రాగానే ఫర్లో పరిశీలన. పరికరం అవసరం ఉన్న చోటే. ఏటా అసెంబ్లీకి లెక్క.

ఎమ్మెల్యే గారి పీఏ ఒక మాట అడిగారు: 'ఆలస్యం అవుతోందని నువ్వంటున్నావు, రుజువేది? ఒక్క మీ అన్నయ్య కేసు చూపిస్తే సరిపోదు.' దానికి ఏం చెయ్యాలి సార్?

రిటైర్డ్_వెల్ఫేర్

మంచి ప్రశ్నే అడిగాడు. సమాచార హక్కు కింద జైళ్ల శాఖ ప్రధాన కార్యాలయానికి దరఖాస్తు పెట్టు. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఖైదీల పేర్లు అడగకు. పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపుతారు. గత మూడేళ్లకి, జైలు వారీగా అడుగు: పెరోల్, ఫర్లో దరఖాస్తులు విడివిడిగా ఎన్ని వచ్చాయి, ఎన్ని ఇచ్చారు, ఎన్ని తిరస్కరించారు, ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయి. ప్రతి దరఖాస్తుకీ జైల్లో అందిన తేదీ, ఎస్పీకి పంపిన తేదీ, రిపోర్టు వచ్చిన తేదీ, ఆర్డర్ తేదీ. గడువులోగా తిరిగి రానివాళ్లు ఎంతమంది, వాళ్లలో తర్వాత దొరికినవాళ్లు ఎంతమంది. ఈ ఆఖరి రెండూ తప్పకుండా అడుగు. అసెంబ్లీలో ఎవరైనా లేచి 'పారిపోతారు' అన్నప్పుడు ఎమ్మెల్యే గారి చేతిలో ఆ అంకె ఉండాలి, అది మనకి అనుకూలంగా ఉన్నా లేకపోయినా.

తేదీల వివరాలు మా దగ్గర లేవు అని జవాబు రావచ్చు. వస్తే ఆ కాగితాన్నే అర్జీకి జత చెయ్యి.

నాగావళి

బాధిత కుటుంబానికి తెలియజేసింది ఎన్ని కేసుల్లో అని కూడా ఒక కాలమ్ పెట్టండి అన్నా. మా జిల్లా నుంచి ఆ దరఖాస్తు నేను వేస్తాను.